ధ్వనితో పాటు దిక్కునూ రాసిపెట్టాలి

పత్తికొండ వైపు మెట్ట చేలల్లో మంద వెంట నడిచే కాపరికి, తప్పిపోయిన మేక ఏ గట్టు వెనక ఉందో గంట చప్పుడు చెప్పేస్తుంది. ఆ చప్పుడు ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త వెనక చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. కుడిఎడమలు తేలడానికి అది చాలు. పైనా కిందా, ముందూ వెనకా తేల్చేవి మాత్రం చెవి డొప్పలోని మడతలు. ఒక్కో దిక్కు నుంచి వచ్చే ధ్వనిని అవి ఒక్కో రకంగా మారుస్తాయి. ఆ మడతలు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు.

మామూలు పాటను హెడ్‌ఫోన్‌లో వింటే ఇదంతా పోతుంది, గొంతు తల లోపలే తిరుగుతుంది. దాన్ని మళ్ళీ బయట నిలబెట్టాలంటే ఆ మార్పుల్ని కొలిచి ఉంచుకోవాలి. చెవి రంధ్రాల దగ్గర చిన్న మైకులు పెట్టి, చుట్టూ ఒక్కో దిక్కు నుంచి స్పీకరు మోగించి రికార్డు చేస్తారు. ఎంఐటీలో 1994లో కెమార్ అనే బొమ్మ మనిషిని 710 దిక్కుల నుంచి కొలిచి, ఆ ఫలితాల్ని అందరికీ ఇచ్చేశారు. 2001లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు 45 జతల చెవుల్ని, ఒక్కో జతను 1250 దిక్కుల నుంచి కొలిచారు. పారిస్, వియన్నా పరిశోధకులూ అదే పని చేశారు.

చిక్కల్లా వాటిని కలిపి వాడబోతే వచ్చింది. ఎంఐటీ లెక్కలో 90 డిగ్రీలంటే కుడి పక్క. పారిస్‌లోని ఇర్కామ్ సంస్థ లెక్కలో అదే 90 ఎడమ పక్క. డేవిస్ వాళ్లు కోణాల్ని కొలిచే తీరే వేరు. ఎంత జాగ్రత్తగా కొలిచినా, కొలిచినవాడి మనసులో ఉన్నది ఫైలులో లేకపోతే రెండోవాడికి ఆ కష్టం అక్కరకు రాదు.

2013లో వియన్నాకు చెందిన పియోటర్ మాయ్‌డాక్, మరికొందరు కలిసి సోఫా అనే పద్ధతిని ప్రతిపాదించారు. ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 2015లో దాన్ని ఏఈఎస్69 పేరుతో ప్రమాణంగా ప్రకటించింది. ధ్వని ఒక్కటే ఇస్తే ఒప్పుకోకపోవడం ఇందులో నాకు బాగా నచ్చింది. శబ్దం ఎక్కణ్ణుంచి పుట్టింది, వినేవాడు ఎక్కడున్నాడు, ఎటు చూస్తున్నాడు, అతనికి పైదిక్కు ఏది? ఇవన్నీ ఫైలులోనే ఉండి తీరాలి. ఎదురు సున్నా, ఎడమ 90. ఇక తగాదా లేదు.

మన సీమకు ఇలాంటి పని కొత్త కాదు. 1800లో దత్తమండలాలు కుంఫిణీ చేతికొచ్చాక కలెక్టరు థామస్ మన్రో 33 అడుగుల గొలుసుతో పొలాలు కొలిపించాడు. అలాంటి 40 చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆ గొలుసు నల్లరేగడినీ ఎర్రనేలనూ ఒకటి చేయలేదు, ఒకే లెక్కలో రాయించింది. సోఫా కూడా చెవులన్నిటినీ ఒకే మూసలో పోయదు. ప్రమాణమంటే భయపడే కళాకారులకు నేను మొదట చెప్పేది ఇదే.

ఈ పద్ధతిలో చెవుల్నే కాదు, చోట్లనూ భద్రపరచవచ్చు. అందుకే నా ధ్యాస ఎప్పుడూ కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల మీదికి పోతుంది. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటి గురించి రాశాడు. 1982-83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి దిగి పటం గీసింది. 3,229 మీటర్ల పొడవు. ఆకారం కాగితం మీదికి వచ్చింది. ఆ సొరంగాల్లో మాట ఎలా సాగుతుందో, ఎక్కడ ఆరిపోతుందో కూడా అంత శ్రద్ధగా నమోదు కావాలి. సప్తస్వరాల గుహలో రాళ్లను తడితే మోగుతాయి. ఆ మోతను ఒక్కసారి సరిగ్గా కొలిచి పెడితే, ప్రతి సందర్శకుడూ వాటిని తట్టి చూడాల్సిన పని తప్పుతుంది. వేల ఏళ్లు పట్టి పెరిగిన రాయి అది.

నేను ఎక్కడ రికార్డు చేసినా మైకు ఎత్తు, దూరం, ముఖం ఏ దిక్కుకు ఉందో పుస్తకంలో రాసుకుంటాను. ఎండ ఎంతుందో కూడా రాస్తాను. 20 డిగ్రీల చల్లదనంలో కంటే కర్నూలు మే నెల 42 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు దాదాపు 13 మీటర్లు ఎక్కువ పోతుంది. రాయకపోతే రేపు ఆ తేడాను గుహకు అంటగడతాం.

కర్నూలు జగన్నాథగట్టు మీది ట్రిపుల్ఐటీడీఎం విద్యార్థులు ఈ పనికి పూనుకుంటే బాగుంటుంది. ముందు తమ చెవుల్నే కొలుచుకోవచ్చు. తర్వాత పర్యాటక శాఖ అనుమతితో, సందర్శకులు రాని వేళ బెలుం లోపలికి వెళ్లవచ్చు. ఫైళ్లు మాత్రం తాళం వేయకుండా అందరికీ ఇవ్వాలి.