రెండోసారి రానక్కర్లేని ఆపరేషన్

కర్ణాటకలో మన సింధనూరు బస్టాండు దగ్గర ఈ వారం ఓ కొత్త ఫ్లెక్సీ కట్టారు. నడివయసు ఆడమనిషి నవ్వుతోంది, పక్కన పెద్దక్షరాలు: గడ్డలకు ఒక్క ఆపరేషన్‌తో శాశ్వత విముక్తి. ఏ ఆపరేషనో రాయలేదు. రాయక్కర్లేదు కూడా. తుంగభద్ర ఎడమ కాలువ పొడుగునా ఏ క్యాంపులో అడిగినా గర్భసంచిలో గడ్డలకు (ఫైబ్రాయిడ్లకు) మందు ఒకటే, సంచినే తీయించేయడం.

నా పాత పిచ్చి ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. కాలిపోయిన మోటారుకు వైండింగ్ చేయించే రైతును చూస్తే నాకు గౌరవం, కొత్తది కొనేవాణ్ణి చూస్తే అనుమానం. అందుకే ఆ ఫ్లెక్సీ చూడగానే ఒళ్లు మండింది. గది ఒక్కటి చెడితే ఇల్లంతా పడగొట్టాలా అని అక్కడే నిలబడి గొణుక్కున్నాను.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మనవాళ్లు కాలువ నీళ్లను నమ్ముకుని ఇక్కడికి వచ్చి ఈ క్యాంపులు కట్టుకున్నారు. పెళ్లి సంబంధాలు ఇప్పటికీ అటే. సంబంధాలతోపాటు ఈ అలవాటూ వచ్చిందని నా అనుమానం.

అసలు గడ్డను ఒలిచి తీసి సంచిని ఉంచేయడం నిన్నమొన్నటి విద్య కాదు. లండన్‌లో విక్టర్ బానీ అని ఓ సర్జన్ ఉండేవాడు (1872-1953). ఆయన భార్యకే గడ్డలు, రక్తస్రావం. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది, ఆ దంపతులకు పిల్లల్లేరు. ఆ దెబ్బే ఆయన్ని ఈ దారి పట్టించిందంటారు. గర్భసంచికి రక్తం తెచ్చే ధమనుల్ని కాసేపు నొక్కిపెట్టేందుకు ఓ క్లాంపు తయారుచేశాడు, అది ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. గడ్డలు ఒలిచేటప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది రక్తమే, దాన్ని ఆపగలిగితే మిగతాదంతా ఓపిక. వీలైనన్ని గడ్డల్ని ఒకే కోత గుండా తీయడం, ఖాళీ అయిన గుంటలు పూడేలా పొరలు పొరలుగా కుట్టడం, ఆ కుట్టుకు పేగులు అతుక్కోకుండా చూడటం, వీటన్నిటినీ వివరంగా రాసిపెట్టాడు. ఒక్క గర్భసంచిలోంచి 225 గడ్డలు తీసి, ఆ సంచిని మళ్లీ ఆమెకే ఉంచాడు. ఈ సంగతి నేనెన్ని సభల్లో చెప్పానో! చప్పట్లు ఖాయం.

ఇప్పుడు బానీకి లేని సదుపాయాలున్నాయి. గడ్డ సంచి లోపలి పొరలోకి పొడుచుకొస్తే పొట్టమీద కోతే అక్కర్లేదు, కిందనుంచి గొట్టం పంపి చెక్కేస్తారు. గోడలో ఒకటో రెండో ఉంటే లాప్రోస్కోపీ. మరీ పెద్దవి, మరీ ఎక్కువ ఉంటే పొట్ట కోయక తప్పదు. 1995లో పారిస్‌లో రవీనా బృందం ఇంకో దారి చూపింది. ధమనిలోకి సన్నటి గొట్టం పంపి, రవ్వలతో రక్తం ఆపి, గడ్డను ఎండగట్టేయడం. పిల్లలు కావాలనుకునేవాళ్లకు దీన్ని ఆచితూచి చెబుతారు. అన్నిటికంటే సులువైంది ఇంకోటుంది. బాధపెట్టని గడ్డ జోలికి పోకపోవడం. ముట్లుడిగాక చాలా గడ్డలు వాటంతటవే చిక్కిపోతాయి. క్యాన్సర్ అవుతుందని బెదిరిస్తారు గానీ అది చాలా అరుదు.

ఇదంతా వల్లించడానికి మా పక్క క్యాంపు వదినగారి దగ్గరికి వెళ్లాను. నలభై నాలుగేళ్లు, మిరప కోతల కూలి, గోడలో ఐదారు గడ్డలు, నెలనెలా వరదలా రక్తం, ఒంట్లో నెత్తురు సగానికి సగం. ఓపిగ్గా అంతా విని అడిగింది. "ఒలిచిన గడ్డ మళ్లీ పుట్టదని రాసిస్తారా?" రాసివ్వరు, కొందరికి మళ్లీ పుడతాయి. "రక్తం ఎన్ని సంచులు పట్టుకుపోవాలి?" చెప్పలేం. "ఆ రవ్వల వైద్యం ఎక్కడ?" నేను చెప్పగలిగిన ఊరు హైదరాబాదు. రాయచూరు రిమ్స్ ఆసుపత్రికే ఇక్కణ్ణుంచి తొంభై కిలోమీటర్ల దాకా. వెళ్లిన ప్రతిసారీ తన కూలీ, తోడొచ్చినవాళ్ల కూలీ పోతాయి. ఎయిమ్స్ కావాలని రాయచూరులో 2022 మేలో ధర్నాకు కూర్చున్నవాళ్లు ఊరికే కూర్చోలేదు.

"సంచి నాకు బరువూ కాదు, దేవుడూ కాదు. రెండోసారి రానక్కర్లేని ఆపరేషన్ ఏదో అది చేయించుకుంటా" అంది.

నా దగ్గర జవాబు లేదు. వైండింగ్ చేయించిన మోటారు మళ్లీ కాలితే రైతు ఇంకోసారి షాపుకు మోసుకుపోతాడు. ఈమె ఒంటిని ఎవరు మోసుకుపోతారు? 225వ గడ్డ తీస్తున్నప్పుడు బానీ తపన ఆ తల్లి కోసమా, లెక్క కోసమా అన్న అనుమానం మొదటిసారి అప్పుడే కలిగింది. సంచి కాపాడటం కూడా సర్జన్‌కో, నాలాంటి రాసేవాళ్లకో గొప్ప అయిపోవచ్చు.

అంతమాత్రాన ఫ్లెక్సీవాళ్ల మీద కోపం చల్లారలేదు. ఎందుకంటే ఆ ఐదారు గడ్డలు ఎక్కడున్నాయో, ఇంకే దారులున్నాయో నాకంటే ముందు ఆవిడకు చెప్పినవాళ్లు లేరు. ఇష్టమొచ్చినట్టు జరుగుతున్న గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. ఆ సంగతి ఏ క్యాంపుకూ చేరలేదు.

వదినగారితో నేను పట్టుబట్టింది రెండిటికే. ముందు రక్తం పెరగనివ్వమని, సంచి తీసినా అండాశయాలు బాగుంటే ఉంచమని అడగమని. అవి కూడా పోతే ఆ వయసుకే ముట్లుడిగిన ఒళ్లవుతుంది, ఎముకలు గుల్లబారతాయి. "ఉంచితే బిల్లు తగ్గుద్దా?" అంది. తగ్గదన్నాను. "అయితే కాయితం మీద రాసియ్యి, నేను నోటితో అడిగితే ఎవరు వింటారు" అంది. రాసిచ్చాను, కన్నడంలో కూడా.