రాయి ప్రవహిస్తుందని లెక్కగట్టినవాళ్లు

మనిషి తవ్విన బోరుల్లో అతి లోతైనది రష్యాలోని కోలాలో ఉంది. దాని లోతు 12,262 మీటర్లు. భూకేంద్రమేమో 6,371 కిలోమీటర్ల కింద! ఆ బోరు అడుగు నుంచి కేంద్రం దాకా ఉన్నదంతా ఎవరూ చూడనిది, తాకనిది. అయినా ఏ లోతులో ఏది గట్టిదో, ఏది ద్రవమో, ఏది ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు జరుగుతోందో చెప్పగలిగే భూభౌతిక శాస్త్రవేత్తలు మన మధ్యే ఉన్నారు. ఇంతకు మించిన పనితనం మనుషులు ఇంకెక్కడైనా చూపారంటే నేను ఒప్పుకోను.

కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చెవి పెట్టినట్టే వీళ్లు భూమికి చెవి పెడతారు. కొట్టే పని భూకంపం చేసిపెడుతుంది. పి తరంగాలు నొక్కుతూ, సాగదీస్తూ దేని గుండానైనా పోతాయి. ఎస్ తరంగాలు అడ్డంగా ఊపుతూ వెళ్తాయి, ద్రవం ఎదురైతే అక్కడే ఆగిపోతాయి. ఏ నమోదు కేంద్రానికి ఏ తరంగం ఎన్ని సెకన్లకు చేరిందో తెలిస్తే, దారిలో ఏం తగిలిందో లెక్క కట్టవచ్చు. మన జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఓల్డ్‌హామ్ 1897 అస్సాం భూకంపం రికార్డుల్లో ఈ తరంగాలను విడదీసి చూపాడు. 1906లో భూమి నడుమ వేరే గర్భం, అంటే కోర్, ఉందన్నాడు. అది 2,900 కిలోమీటర్ల లోతున మొదలవుతుందని 1914లో గూటెన్‌బర్గ్ తేల్చాడు. ఇక ఇంగె లేమన్ గురించి చెప్పుకోవాలి.

డెన్మార్క్‌కు చెందిన ఆమె చేతికి 1929 న్యూజీలాండ్ భూకంపం రికార్డులు వచ్చాయి. గర్భం నీడ పడి పి తరంగాలు చేరకూడని చోట కూడా సన్నటి కదలికలు నమోదయ్యాయి. అంచున వంగి వచ్చినవేలే అని మిగతావాళ్లు సరిపెట్టుకున్నారు. ఆమె సరిపెట్టుకోలేదు. కంప్యూటర్ లేని కాలం. అట్టముక్కల మీద భూకంపాల వేళలు రాసి, ఓట్స్ డబ్బాల్లో వర్గాలుగా సర్దుకుని, తోటలో బల్ల వేసుకుని కూర్చునేదని ఆమె బంధువు ఒకాయన చెప్పాడు. ద్రవగర్భం లోపల ఇంకో గట్టి గోళం ఉంటేనే ఆ గీతలకు అర్థముందని 1936లో ప్రకటించింది. ఆ వ్యాసం శీర్షిక ఒకే ఒక్క అక్షరం, పక్కన ఒక చిన్న గీత! పదాలు ఖర్చుపెట్టకుండా ఒక లోకాన్ని కనిపెట్టిన మనిషి. 104 ఏళ్లు బతికింది.

గర్భానికీ పైపొరకీ మధ్యనున్న ప్రావారం, అంటే మాంటిల్, గట్టి రాయి. ఎస్ తరంగాలు దాని గుండా హాయిగా పోతాయి, అదే సాక్ష్యం. ఆ గట్టి రాయే ప్రవహిస్తుంది కూడా. ఎలా తెలిసింది? స్కాండినేవియాను కిలోమీటర్ల మందాన నొక్కిపెట్టిన మంచు ఎప్పుడో కరిగిపోయింది. అయినా ఆ నేల ఇప్పటికీ, కొన్నిచోట్ల ఏడాదికి దాదాపు సెంటీమీటరు చొప్పున, పైకి లేస్తూనే ఉంది. లేచే వేగాన్ని బట్టి కింది రాతి స్నిగ్ధతను, అంటే చిక్కదనాన్ని, 1935లో హాస్కెల్ గణించాడు. ఒకటి పక్కన ఇరవై ఒక్క సున్నాలు, పాస్కల్-సెకన్లలో. దాదాపు తొంభై ఏళ్లు గడిచినా ఆ అంకె దాదాపు అలాగే నిలబడి ఉంది. ఈ ఒక్క లెక్కకే నేను హాస్కెల్‌కు దండం పెడతాను.

అడుగున వేడి, పైన చల్లదనం ఉన్నప్పుడు పొర ఎప్పుడు పొర్లడం మొదలుపెడుతుందో ర్యాలీ సంఖ్య చెబుతుంది. అది సుమారు వెయ్యి దాటితే చాలు. మాంటిల్‌లో అది కోటి దరిదాపుల్లో ఉంటుంది. పొర్లకుండా ఎలా ఉంటుంది? గోళాల్లోనూ గోళపు పొరల్లోనూ ఈ సంవహనం ఎప్పుడు మొదలవుతుందో మన ఖగోళ శాస్త్రవేత్త చంద్రశేఖర్ 1961 నాటి తన గ్రంథంలో గణితంతో కట్టి చూపాడు. ఆర్థర్ హోమ్స్ 1931లోనే ఖండాలను మోసుకుపోయేది ఈ ప్రవాహమేనన్నాడు. జెఫ్రీస్ మాత్రం 1989లో కన్నుమూసేదాకా ఖండచలనాన్ని ఒప్పుకోలేదు. గర్భం ద్రవమని 1926లో నిరూపించిన మహానుభావుడాయన. అయినా ఈ తగవులో నాది హోమ్స్ పక్షం.

కాన్‌బెరాలో గ్రిఫిత్స్, క్యాంప్‌బెల్ 1990లో గ్లూకోజ్ పాకంతో చేసిన ప్రయోగం నాకు మరీ ఇష్టం. చల్లటి పాకం నిండిన తొట్టిలో అడుగు నుంచి వేడి పాకం వదిలితే పెద్ద తల, సన్నటి తోక వేసుకుని పైకి లేచింది. లావా మైదానాలు ఆ తల చేసే పనేనన్నారు. 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కనును కప్పిన లావాకూ చాలామంది ఇదే కారణం చెబుతారు. వికారాబాద్ వైపు, రాజమండ్రి దగ్గర కనిపించే నల్లరాయి ఆ లావాయే.

ఇంతటి విద్యకు ఇప్పుడు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. టీవీలోనూ పాఠ్యపుస్తకాల్లోనూ పైపొర కింద ఎర్రగా కుతకుతలాడే లావా సముద్రం! పచ్చి అబద్ధం. తరంగాల వేగాలను బట్టి గీసే కింది మాంటిల్ చిత్రాల్లోని ఎరుపుకు అర్థం తరంగం ఏ ఒక్క శాతమో నెమ్మదించిందని మాత్రమే. ఆ ఒక్క శాతాన్ని నిప్పులకొండలా రంగు పులిమి అమ్ముతున్నారు. ఇంకో రకం వాళ్లున్నారు. ఎవరో రాసిన ప్రోగ్రాం దించుకుని, కోరిన బొమ్మ వచ్చేదాకా అంకెలు తిప్పి, కుదరని లెక్కలను దాచేస్తారు. పాత తరం అలా చేయలేదు. 1989లో చాలా బృందాలు మాంటిల్ ప్రవాహం మీద ఒకే సమస్యను ఎవరి ప్రోగ్రాంతో వాళ్లు చేసి, జవాబులను పక్కపక్కన పెట్టి అచ్చువేశాయి. తప్పు బయటపడితే పడనీ అన్న ధైర్యం అది.

ఆ ధైర్యం మన దగ్గర ఇంకా మిగిలి ఉంది. శ్రీలంకకు దక్షిణాన సముద్ర మట్టం 106 మీటర్ల మేర కుంగి ఉంటుంది, అక్కడ గురుత్వం తక్కువ. బెంగళూరు ఐఐఎస్సీలో దేబాంజన్ పాల్, అత్రేయీ ఘోష్ 14 కోట్ల ఏళ్ల మాంటిల్ ప్రవాహాన్ని వేర్వేరు విలువలతో మళ్లీ మళ్లీ నడిపి, నేటి కుంగుబాటుతో పోల్చి చూశారు. మాంటిల్‌లోకి దిగిపోయిన పాత టెథిస్ సముద్రపు నేల ఆఫ్రికా కింది వేడి రాశిని కదిలించడం వల్లే ఇది ఏర్పడిందని 2023లో చెప్పారు.

మన హైదరాబాదు హబ్సిగూడలో 1961లో పుట్టిన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం ఎందుకు? ప్రకాశ్ కుమార్ బృందం జర్మన్ సహచరులతో కలిసి ఎస్ తరంగాలు పి తరంగాలుగా మారే చోట్లు పట్టుకుని, భారత ఫలకం మందం దాదాపు 100 కిలోమీటర్లేనని 2007లో తేల్చింది. గోండ్వానా అనే పాత మహాఖండం నుంచి విడిపోయిన మిగతా ముక్కలు 180 నుంచి 300 కిలోమీటర్లు. అడుగున ఉండే మందపాటి వేరు కరిగి తేలికైంది కాబట్టే మన ఫలకం ఏడాదికి 18 నుంచి 20 సెంటీమీటర్ల వేగంతో ఉత్తరానికి పరుగెత్తిందని వాళ్ల వాదన. వేరు ఇంకా ఉందనేవాళ్లూ ఉన్నారు. అనంతపురం జిల్లా వజ్రకరూరు వజ్రాలు 150 కిలోమీటర్ల లోతు దాటిన చోటి నుంచి వచ్చాయి కదా అంటారు. వాటిని మోసుకొచ్చిన రాళ్ల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. అప్పుడు వేరు ఉంది, తర్వాత పోయింది. నేను హైదరాబాదు వాళ్ల వైపే.

తప్పు దిద్దుకునే ధైర్యానికి ఇంకో ఉదాహరణ ఉంది. అంగారకుడి మీద 2018లో దిగిన ఇన్‌సైట్ నౌక ఒకే ఒక్క సీస్మోమీటర్‌తో ఆ గ్రహ గర్భాన్ని కొలిచింది. వ్యాసార్ధం 1,830 కిలోమీటర్లన్నారు. గర్భం చుట్టూ కరిగిన రాతి పొర ఉందని తెలిశాక, 2023లో దాన్ని దాదాపు 1,650కి దించారు. అప్పటికి రెండేళ్ల కిందటి అంకెను ఇన్‌సైట్ శాస్త్రవేత్తలే నలుగురి ముందు దిద్దుకున్నారు.

ఆంధ్రా యూనివర్సిటీలో, ఉస్మానియాలో జియోఫిజిక్స్ చెప్పే అయ్యవార్లకు ఒక్క మనవి. మొదటి రోజునే రంగుల బొమ్మ చూపకండి. ఒక నిజమైన సీస్మోగ్రామ్‌ను కాగితం మీద పిల్లల చేతికివ్వండి. పి ఎక్కడ మొదలైందో, ఎస్ ఎక్కడ మొదలైందో పెన్సిలుతో వాళ్లనే గుర్తుపెట్టమనండి. భూకంపం ఎంత దూరంలో పుట్టిందో వాళ్లనే చెప్పమనండి. కంప్యూటర్ ఆ మర్నాడు తెరవచ్చు.