రొయ్య గుల్లలో పనితనం

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర ఎవరిని కదిపినా కిలోకు ఎన్ని రొయ్యలనే కౌంటు సంగతో మేత ధరో చెబుతారు. గుల్ల ఊసు ఎత్తేది అది మెత్తబడ్డప్పుడే. ఒలిచి పారేసే ఆ పెంకును ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. కాగితమంత మందం, వంచితే వంగుతుంది. పులుసులో ఎంత ఉడికినా ఎర్రబడుతుందే తప్ప కరగదు.

దాని అసలు సరుకు కైటిన్, చక్కెర జాతి పదార్థమే. గ్లూకోజుకు దగ్గరి చుట్టమైన ఒక చక్కెర వేల సంఖ్యలో వరసకట్టిన గొలుసు. ప్రతి చక్కెరా ముందుదానికి బోర్లా తిరిగి కూర్చుంటుంది. అందుకే ప్రతి 10.3 ఆంగ్‌స్ట్రాములకు వరస మళ్లీ మొదలవుతుంది. ఆంగ్‌స్ట్రామంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు.

నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఈ గొలుసుల అమరిక. 4.7 ఆంగ్‌స్ట్రాముల ఎడంతో ఒకదానిమీద ఒకటి దొంతరగా పేరుకుంటాయి. కింది గొలుసులోని ఆక్సిజన్‌ను పై గొలుసులోని నైట్రజన్ తన హైడ్రోజన్‌తో అందుకుంటుంది. విడిగా చూస్తే అది బలహీనమైన బంధమే, కానీ గొలుసు పొడవునా ప్రతి చక్కెర దగ్గరా ఉంటుంది. ఇక పక్క దొంతర ఎదురు దిశలో నడుస్తుంది. ఆ రెంటినీ మరికొన్ని హైడ్రోజన్ బంధాలు కలుపుతాయి. ఇదే కైటిన్ స్క్విడ్ వీపులోని పారదర్శకమైన పుల్లలోనూ ఉంది. అక్కడ మాత్రం గొలుసులన్నీ ఒకే దిశ, దొంతరల మధ్య ఆ లంకె లేదు. అందుకే నీళ్లు దూరి ఉబ్బుతుంది.

1960ల తొలినాళ్లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం ఈ నిర్మాణం మీద పనిచేసింది. 1978లో మింకె, బ్లాక్‌వెల్ అనే పరిశోధకులు రొయ్య గుల్లలో ఉండే రకం కైటిన్ లెక్క సవివరంగా తేల్చారు.

ఇరవై దాకా గొలుసులు చేరితే ఒక నార, చుట్టూ ప్రొటీన్ తొడుగు. నారల పొరలు ప్లైవుడ్‌లోలా ఒక్కొక్కటీ కాస్త మెలి తిరిగి పేరుకుంటాయి, బీట ఏ దిశలోనూ సూటిగా సాగదు. సున్నం ఆ తర్వాతి మాట. గుల్ల వదిలిన పూట వనామీ రొయ్య మెత్తగా తగిలేది కైటిన్ లేక కాదు, సున్నమూ ప్రొటీన్ బిగువూ ఇంకా అందక.

గుల్లలోని కైటిన్‌ను గాఢమైన కాస్టిక్ సోడాలో కాచి, ఆ ఆక్సిజన్‌ను మోసే ఎసిటైల్ గుంపులు ఊడగొడితే దొంతరను పట్టి ఉంచిన బంధాలు పోతాయి. మిగిలినది కైటోసాన్, పల్చటి వెనిగర్‌లోనే కరుగుతుంది. నెత్తురు ఆపే కొన్ని గాయపు కట్లలో వాడేది దాన్నే.