క్రైస్తవ ప్రశ్నోత్తర గ్రంథములు – విమర్శనము

క్రైస్తవ విశ్వాసమును బోధించుటకై వ్రాయబడిన గ్రంథములలో ప్రశ్నోత్తర రూపమైనవి పెక్కులు గలవు. ఈ రీతి మనకు గ్రొత్తది కాదు. మన యుపనిషత్తులు గొన్ని ప్రశ్నతోనే యారంభమగుచున్నవి. భారతమున యక్షుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలు మన యిండ్లలో బిల్లలకు సైతము తెలియును. కావున నీ గ్రంథములను బరాయివానినిగా జూడక, మనకు బరిచితమైన యొక రచనాజాతికి జెందినవిగానే యెంచి, వాని గుణదోషముల నిచట విచారింప దలచితిమి. మేము క్రైస్తవులము కాము. ఐనను ప్రశ్న యడుగుటయు నుత్తరము రాబట్టుటయు ముప్పూటలును మాకు వృత్తియే గనుక, నీ విషయమున నొక మాట చెప్పుటకు మా కధికారము కొంత గలదనుకొందుము.

ఈ విచారమునకు నిమిత్త మొకటి కలదు. కొన్ని యేండ్ల క్రిందట మా తరగతిలో నొక క్రైస్తవ బాలుడు చదువుచుండెను. వాని చెల్లెలు జ్వరముచే మరణించినది. పదిదినముల పిమ్మట వాడు బడికి వచ్చి, సాయంకాలము తక్కిన పిల్లలందఱును వెడలిపోయినదాక నాగి, మా బల్లయొద్దకు వచ్చి నిలిచి, "మాస్టారూ, నా నమ్మకం చాలకనే దేవుడు నా ప్రార్థన వినలేదని ఒక పెద్దాయన చెప్పారండి. అది నిజమేనాండి?" అని యడిగెను. మాకు వెంటనే యేమియు దోపలేదు. నీ మతమునకు జెందిన ప్రశ్నోత్తరి యున్నది గదా, దానిలో నేమున్నదో చూడుమని చెప్పి తప్పించుకొంటిమి. వాడు, "ఆ పుస్తకమంతా నాకు కంఠస్థమేనండి. అందులో లేదండి" అనెను. ఆ పుస్తకము లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరి. ఆ రాత్రియే మే మొక మిత్రునియొద్దనుండి దానిని దెచ్చి చదివితిమి. తరువాత దానితోబుట్టువులైన మఱి రెంటిని గూడ సంపాదించితిమి.

లూథరు 1529వ సంవత్సరమున నీ చిన్న గ్రంథమును వ్రాసెను. అంతకు ముందటి యేడు సాక్సను గ్రామములలోని సంఘములను దిరిగి చూచి, యచటి ప్రజలకు మతముయొక్క యోనమాలైన దెలియకుండుటయు, బోధకులలోనే పలువు రందుకు దగనివారగుటయు గాంచి, యా పీఠికలో మిక్కిలి వేడిగా వ్రాసినాడు. ఇంటి యజమానుడు తన భార్యాబిడ్డలకును పనివారికిని దిన్నని మాటలలో నేర్పుటకై యేర్పఱచిన పుస్తక మిది, పండితులకు గాదు. ఇందలి ప్రశ్న దాదాపుగా నెల్లచోటులను నొక్కటియే, ఇదియేమని. పసిబిడ్డ తల్లి కొంగు పట్టుకొని యేవస్తువును జూచినను నడుగు ప్రశ్న యదియే. ఇంత చిన్న ప్రశ్నను గ్రంథమంతటికిని సరిపుచ్చిన రచయిత బాలుర మనస్సు నెఱిగినవాడని వేఱుగ జెప్పనక్కఱలేదు. తెలుగువారికి దీనితో మఱియొక సంబంధముగూడ గలదు. షుల్జు అను జర్మను బోధకుడు చెన్నపట్టణమునుండి స్వదేశమునకు మరలిన పిదప, 1746-47 ప్రాంతమున హాలె నగరమునందు దెలుగు లిపిలో నచ్చొత్తించిన పుస్తకములలో నిదియు నొకటి. తెలుగక్షరము లచ్చున గనబడిన తొలిదినముల పుస్తకము లవి.

హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరి 1563లో వెలువడినది. ఫ్రెడరికు అను ప్రభువు కోరికపై నుర్సీనసు మొదలగు పండితులు దీనిని గూర్చిరి. ప్రశ్నలు 129, వానిని 52 ఆదివారములకు బంచినారు. దీని సొగసంతయు వ్యాకరణముననే యున్నదని మా యభిప్రాయము. మొదటి ప్రశ్నయే, బ్రతుకునందును జావునందును నీకు గల యొక్క యూరట యేదియని మధ్యమ పురుషమున నడుగును. ఉత్తరమును నుత్తమ పురుషమున నేకవచనముననే వచ్చును. ఇచట మాటాడువాడు సంఘము కాదు, శాస్త్రము కాదు, మంచమున బడియున్న యొక మనుష్యుడు. ఏ మతగ్రంథమైనను దేవుని లక్షణముతోనో సృష్టిక్రమముతోనో యారంభింపబడుట వాడుక గదా. ఊరటతో నారంభించినది మాకు దెలిసినంతవఱకిది యొక్కటియే. కాని యింత మృదువైన గ్రంథముననే 80వ ప్రశ్న చూచితిమా, కాథలికుల యారాధనపై బరుషవాక్యము లెదురగును. మొదటి ముద్రణమున లేని యీ ప్రశ్నను దరువాతి ముద్రణములలో జేర్చి పెంచిరి. ఊరట చెప్పు నోటితోనే పొరుగువానిని శపించుట యెంత తేలికయో దీనివలన దెలియుచున్నది. ఈ వ్యాధి యొక్క మతమునకే పరిమితమనుకొను చదువరులు మన ఖండనగ్రంథములను దిరుగవేయుదురుగాక!

మూడవది వెస్టుమినిస్టరు చిన్న ప్రశ్నోత్తరి; 1647లో బూర్తియైనది; ప్రశ్నలు 107. ఇంగ్లీషు వచనముయొక్క బిగి నెఱుగగోరువారు దీనిని జదువదగును. ఒక్కమాటయైనను దీసివేయుటకు వీలుండదు. మానవజన్మమునకు బరమ ప్రయోజనమేమన్న మొదటి ప్రశ్న కుత్తరమున దేవుని మహిమతోపాటు దేవునియం దానందించుటను గూడ జేర్చుట, కఠినులని పేరుపడిన ప్యూరిటనుల కలమునుండి వచ్చినదని తలచునపుడు మఱింత యింపగును. కాని యటుపై గ్రంథమంతయు లక్షణవాక్యములే. 98వ ప్రశ్న ప్రార్థన యేమని యడిగి, యవ్యాప్తి యతివ్యాప్తి దోషములు లేకుండ నిర్వచించును. మా తర్కగురువు చూచినచో నెంతయో సంతసించి యుండును. చెల్లెలిని బోగొట్టుకొన్న బాలుడు దానితో నేమి చేయును?

ఆధ్యాత్మికాభివృద్ధి యనుమాట నీ సందర్భముననే ముగింతుము. మేము విశ్వాసమున నెదుగుచున్నామా, దాని గుఱుతేమి యని భక్తులు తఱచుగ నడుగుదురు. ప్రశ్నల కంకెలు వేసి, వారముల కింతయని పంచి యప్పగించునపుడు ఎదుగుదలయు నంకెలతోనే కొలువబడునను భ్రమ బాలురకు గలుగుట సహజము. మార్కు సువార్త నాల్గవ యధ్యాయమున యేసు చెప్పిన యుపమాన మిందుకు భిన్నము. రైతు విత్తనము చల్లి రాత్రి నిద్రించును, పగలు మేల్కొనును. మొలక యెట్లు పెరుగునో యతనికే తెలియదు. మొలకను బెఱికి వేరు జూచు రైతు మన యూళ్లలో నెవ్వడును లేడు.

ఇక బాలుని మాటకు వత్తము. ఆ పుస్తకములో లేదని వాడు చెప్పెను. మేము చూడగా నున్నది. విశ్వాసప్రమాణముయొక్క మూడవ భాగమును వివరించుచు లూథరు, తాను నమ్మినది తన బుద్ధిచేతను గాదు, బలముచేతను గాదు, పరిశుద్ధాత్మ పిలుపుచేతనే యని చెప్పించుచున్నాడు. విశ్వాసమే యొకరి స్వంత బలము కానియెడల, బలము చాలలేదని బాలు నెట్లు దూషింపవచ్చును? హైడెల్‌బర్గు గ్రంథముననైతే 129వ ప్రశ్నలో, ప్రార్థించువాని కోరిక యెంత గట్టిదో దానికంటెను దేవుడు వినుట గట్టిదన్న యర్థము స్పష్టముగనే కలదు. అది 52వ ఆదివారమునకు గాని రాదు, అది వేఱు మాట. వాని ప్రశ్న కుత్తరము వాని నోటనే యెన్నిసార్లో పలికినది. ఐనను వాడు దాని నెఱుగడు. ఏలయన నచటి ప్రశ్న వానిది కాదు, పుస్తకముది. ఉత్తరము ముందు పుట్టి, ప్రశ్న దానికి దలుపుగా దరువాత నమర్చబడినది. ఈ రచనాజాతికంతటికిని మూలదోష మిదియేనని మా నిశ్చయము. పరీక్షల కుత్తరములు వల్లింపజేసి, పిల్లలకు జదువు వచ్చినదని సంబరపడు మావంటివారమును నీ దోషమున బాలివారమే.

ప్రశ్నోపనిషత్తున నార్గురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టుకొని పిప్పలాదుని యొద్దకు వచ్చినపు డాతడు వెంటనే యుపన్యసింపలేదు. తపస్సుతోను బ్రహ్మచర్యముతోను శ్రద్ధతోను నింకొక్క యేడు తనయొద్ద నుండుడనియు, బిమ్మట దమకు దోచిన ప్రశ్న లడుగవచ్చుననియు, దనకు దెలిసినచో జెప్పెదననియు బలికెను. ఆ యార్గురిలో సుకేశుడు చెప్పిన వృత్తాంతము మఱియు రమ్యము. కోసల రాజపుత్రుడు తన్నొక ప్రశ్న యడుగగా, దనకు దెలియదని చెప్పితినని యాతడు సిగ్గుపడక గురువున కెఱిగించెను. రాజపుత్రుడు మాటాడక రథమెక్కి పోయెనట. ఆ బాలునికి సమాధానము చెప్పిన పెద్దమనిషి సుకేశునివలె దెలియదనియే యుండినయెడల నెంత మేలగును!

క్రైస్తవులలో నిట్టి గురువులు లేకపోలేదు. అగస్టీనుగారి ఆత్మకథ పదునొకండవ ఖండమున, సృష్టికి ముందు దేవు డేమి చేయుచుండెనను ప్రశ్న వచ్చినపుడు, ఇట్టి గూఢములు తవ్వువారికై నరకము సిద్ధపఱచుచుండెనని యొకడు చెప్పిన ఎగతాళి యుత్తరమును బేర్కొని, తానట్లు చెప్పననియు, నెఱుగనిదాని నెఱుగననుటయే మేలనియు వ్రాసినాడు. క్రీ. శ. 400 ప్రాంతమున నాతడే కార్తేజిలోని దేవోగ్రాతియసు అను పరిచారకునకు, గ్రొత్తవారికి విశ్వాసబోధ చేయు విధమును గూర్చి యొక గ్రంథము వ్రాసి పంపెను. చెప్పినదే చెప్పి విసువు పుట్టుచున్నదని యాతడు మొఱపెట్టుకొనగా వ్రాసినదిది. ఉపాధ్యాయు లందఱును జదువదగిన గ్రంథము. తన యుపన్యాసము తనకే తఱచుగ రుచింపదని యగస్టీను మొదటనే యొప్పుకొనును. మనము రోజును జూచి చూడనట్లు పోవు సుందరస్థలములను గ్రొత్తగ వచ్చిన మిత్రునకు జూపునపుడు మనకును మరల గ్రొత్తవగునట్లే, పాతబోధయు శిష్యునియెడ బ్రేమచే గ్రొత్తదగునని చెప్పును. వ్యాకరణపాఠశాలలనుండి వచ్చినవారు, ప్రార్థనలో నపశబ్దములు పలుకు బోధకుని జూచి నవ్వరాదని హెచ్చరించును. (ఇది చదివినపుడు సంస్కృతము చదివిన మాకు జెవులు వేడెక్కినవి.) విను వాడు చాలసేపు నిలిచి యలసెనేని కూర్చుండ బెట్టుమనియు, వీలైనచోట మొదటినుండియే కూర్చుండి విననిచ్చుట మేలనియు, సముద్రమున కావలి కొన్ని సంఘములలో నిట్లే చేయుచున్నారనియు జెప్పును. ఆ సాయంకాలము బాలుడు నిలిచియే యుండెను. మేము కుర్చీలో నుంటిమి.

కష్టమునకు గారణమెవరి పాపమని యడుగుట మనుష్యులకు స్వభావమే. మన దేశమున గర్మసిద్ధాంతము పేర నది మఱింత యలవాటైనది. యోహాను సువార్త తొమ్మిదవ యధ్యాయమున బుట్టుగ్రుడ్డిని జూచి శిష్యులు, పాపము చేసినది వీడా, వీని తల్లిదండ్రులా యని యడుగగా యేసు ఆ రెంటిని గూడ ద్రోసివేసెను. యోబు గ్రంథమున మిత్రులు మొదట నేడుదినములు మౌనముగ నేలపై గూర్చుండిరి. వారు చేసిన మంచిపని యదియే. తరువాత నోరు తెఱచి, నీవు పాపము చేసియుందువని తర్కించి తర్కించి యిరువదియైదవ యధ్యాయముదాక గ్రంథమును నింపిరి. తుదకు దేవుడు కోపించినది మొఱపెట్టిన యోబుపై గాదు, సమాధానములు చెప్పిన యా మిత్రులపై.

ఐనను ఆ పెద్దమనిషి తనమాట నెచటనుండియు దేకుండ గల్పించినాడని చెప్పుట న్యాయము కాదు. విశ్వాసము చాలదను మందలింపు సువార్తలలో గలదు. మత్తయి పదునేడవ యధ్యాయమున మూర్ఛరోగియైన బాలుని శిష్యులు బాగుచేయజాలకపోగా, దమ కేల సాధ్యము కాలేదని వా రడిగినపుడు యేసు వారి యల్పవిశ్వాసమే కారణమనెను. చదువరు లొక్క సంగతి గమనింపవలెను. ఆ మాట బాలుని తండ్రితో ననబడలేదు, రోగితో ననబడలేదు, స్వస్థపఱచుటకు వచ్చి విఫలులైన బోధకులతో ననబడినది. ఆ వృత్తాంతమునే చెప్పు మార్కు తొమ్మిదవ యధ్యాయమున దండ్రి, తనలో నమ్మికయు నపనమ్మికయు గలసియున్నవని బాహాటముగ నొప్పుకొని సహాయము వేడెను. వానికి మందలింపు లేదు. బిడ్డకు మాత్రము స్వస్థత గలిగినది. దుఃఖితులను మందలించుటకు వాడబడుచున్న యీ వాక్యము మొట్టమొదట మందలించినది యుపదేశకులనే.

మే మీ సంగతి కనుగొనుటకు మూడువారములు పట్టినది. ఒకనాటి సాయంకాలము వానిని బిలిచి, కుర్చీ యొకటి వేసి కూర్చుండబెట్టి, ఆ రెండధ్యాయములు తెఱచి యిచ్చి, గట్టిగ జదువుమంటిమి. మత్తయి భాగమును వాడు రెండుసార్లు చదివెను. "అయితే ఆ మాట నాతో అన్నది కాదాండి?" అని యడిగెను. కాదంటిమి. మఱి నీ చెల్లెలు బ్రతుకకపోవుటకు గారణమేమో మాకు దెలియదనియు జెప్పితిమి. వాడు గ్రంథమును మూసి, కొంతసేపు కూర్చుండి, పొద్దుపోయినదని చెప్పి యింటికి వెడలెను.