అపరాధపరిశోధక నవలలలో స్త్రీలు

అపరాధపరిశోధక నవల యనినంతనే మన యిండ్లలోని పెద్దలు నొసలు చిట్లింతురు. హత్యలు, దొంగతనములు నిండిన యీ పుస్తకములు పిల్లల చేతికి, అందును ఆడుపిల్లల చేతికి, రాదగవని వారి తలంపు. ఈ తలంపు నిరాధారమని మేము చెప్పజాలము. ఈ జాతి నవలలు పెక్కింట స్త్రీకి గల పనులు రెండే: హత్యకు గురియగుట, లేదా హత్యకు కారణమగుట. పరిశోధించు బుద్ధి మాత్రము పురుషుని సొత్తు. అయినను స్త్రీ బుద్ధిని నడుమ నిలిపిన నవలామాలికలును కొన్ని కలవు. వానిలో మూటిని మా చదువరులకు పరిచయము చేయ నెంచితిమి.

మొదటిది ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ 1930లో 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్'తో ఆరంభించిన మిస్ మార్పుల్ నవలామాలిక. ఇందు 12 నవలలు కలవు. మార్పుల్ అవివాహిత, వృద్ధురాలు. సెయింట్ మేరీ మీడ్ అను పల్లెలో ఉన్ని అల్లుకొనుచు, పూలతోట చూచుకొనుచు కాలము గడుపును. చాదస్తపు ముసలమ్మయని తలచిన అధికారులే తుదకామె మాటకు తల యొగ్గుదురు. ఎంతటి ఘోరమైనను ఆమెకు తన పల్లెలో జరిగిన యేదో చిన్న సంగతిని జ్ఞప్తికి తెచ్చును. ఆ పోలికయే ఆమెకు దీపము. ఇందొక లోపము కలదు. పెద్దింటివారికిచ్చినంత వ్యక్తిత్వమును రచయిత్రి పనికత్తెలకు తరచుగా ఈయలేదు.

రెండవది 1998లో అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ ఆరంభించినది. నాయిక ప్రెషస్ రామొత్స్వే ఆఫ్రికాయందలి బోట్స్వానా దేశస్థురాలు. కొట్టిన భర్తతోడి కాపురము ముగిసి తండ్రి యింటికి చేరిన యామె, తండ్రి విడిచిన పశువులనమ్మి గాబరోన్ నగరమున పరిశోధక కార్యాలయము తెరచినది. ఇందు హత్యలు తక్కువ. కనబడని భర్తలు, తండ్రినని చెప్పుకొని వచ్చి కూర్చుండు మోసగాండ్రు, ఇట్టివే ఆమె చేతికి వచ్చు వ్యవహారములు. ఇంటిల్లిపాది చదువదగినవి. కాని తీపి కొంత యెక్కువ. కష్టములు త్వరగా కరగిపోవును.

మూడవది మాకు మిక్కిలి నచ్చినది. సుజాతా మాసీ యను రచయిత్రి 2018లో ప్రకటించిన 'ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్'తో ఇది మొదలైనది. కథాకాలము 1921, స్థలము బొంబాయి. నాయిక పర్వీన్ మిస్త్రీ, పార్సీ యువతి, తండ్రి కార్యాలయమున సాలిసిటరు. ఒక మిల్లు యజమాని మరణింపగా, ఘోషాలోనున్న అతని ముగ్గురు భార్యలును తమకు రావలసిన మహర్ సొమ్మును ధర్మనిధికి విడిచినట్లు కాగితము వచ్చును. సంతకము చేసినవారికి దాని యర్థము తెలియునా? ఈ సందేహమే కథకు మూలము. పురుషుడైన వకీలు ఆ గడప దాటలేడు, పర్వీన్ దాటగలదు.

ఇది వట్టి కల్పన కాదు. 1892లో ఆక్స్‌ఫర్డున న్యాయశాస్త్ర పరీక్షకు కూర్చున్న ప్రథమ స్త్రీ కార్నీలియా సొరాబ్జీ, 1904 మొదలు బంగాళమున ఘోషా స్త్రీలకు న్యాయసలహాదారుగా నుండెను. ఆమె జీవితమే తనకు ప్రేరణయైనవానిలో నొకటియని రచయిత్రి చెప్పుకొన్నది. పర్వీన్ స్వంత కథయు శాసనముతో ముడిపడినదే. నాటి 1865 సంవత్సరపు పార్సీ వివాహశాసనము ప్రకారము భర్త క్రూరత్వమొక్కటే వేరుండుటకు చాలును గాని విడాకులకు చాలదు. ఆ శాసనము 1936లో గాని మారలేదు. ఆమె గతకథ నడుమ నడుమ వచ్చి పరిశోధనను నిలిపివేయుచున్నదని కొందరు విసుగుకొందురు. మాకును మొదట అట్లే తోచినది. కాని ఆ దెబ్బ తినని స్త్రీ ఆ ముగ్గురి మౌనమును అంత చక్కగా చదువగలదా?

ఈ మువ్వురను ఒకచోట నిలిపి చూడుడు. ఒకతె పెండ్లి లేనిది, ఒకతె పుట్టింటికి వచ్చినది, ఒకతె శాసనముచే వేరైనది. మన యిండ్లలో ఇట్టివారి స్థానమెక్కడ? వంటయింటి మూల. శుభకార్యమునకు వారి మొగము పనికిరాదు. అయినను ఎవరు ఎప్పుడు గడప దాటిరో, ఎవరి కంట తడి యేల వచ్చెనో, ఇంటిలో ముందుగా తెలియునది ఆ మూల కూర్చున్నవారికే. మూల వారికి చూపు నిచ్చినదని మనము మూలను పొగడరాదు. ఆ చూపునకు విలువ కట్టి, రామొత్స్వేకు, పర్వీన్‌కు వలె ఒక బల్లయు రుసుమును చూపవలెను.

ఈ నవలలు ఇంగ్లీషున వ్రాయబడినవి. ఆ భాష తెలిసిన సోదరులు సాయంకాలము కథను తెలుగున చెప్పుచు ఇంటివారికి వినిపింతురు గాక. విన్న పిమ్మట ఏ అత్తగారైనను, ఏ వదినగారైనను, తాను చదువని కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు, "ఇందేమున్నది, నాయనా?" అని యడిగినచో, ఆ పుస్తకమునకు పెట్టిన వెల వ్యర్థము కాదు.