ఆరినప్పుడే పట్టుకోవాలి

మదనపల్లెలో టమాటా ఎత్తుకుని రాత్రిపూట బయల్దేరే బొలెరో పికప్‌లలో, భీమవరం చెరువుల దగ్గర ఐసు మధ్య రొయ్యలు నింపుకునే టాటా 207లలో పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన బండ్లు చాలానే కనిపిస్తాయి. వాటి ఇంజన్లు ఇంకా గట్టిగానే ఉంటాయి. ముందు ముసలిదయ్యేది వైరింగు. ఘాట్ మలుపులో హెడ్‌లైట్లు టక్కున ఆరిపోతాయి, గుంతలో చక్రం పడగానే మళ్లీ వెలుగుతాయి. తెల్లారి ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే లైట్లు నిక్షేపంగా ఉంటాయి. ఆయన బల్బు మారుస్తాడు. వారం తర్వాత రిలే, ఆ తర్వాత స్టీరింగ్ కింది స్విచ్. ఈ పద్ధతితో డబ్బు వృథా అవుతుందన్నది చిన్న సంగతి. లోపాన్ని పట్టించే ఆధారం కూడా దీంతోనే చెరిగిపోతుంది, నా అసలు అభ్యంతరం అక్కడ. వచ్చిపోయే లోపాన్ని అది బయటపడిన క్షణంలో కొలిచి పట్టుకోవాలి. అది కనబడని వేళ సామాను మార్చడాన్ని నేను మరమ్మతుగా ఒప్పుకోలేను.

కొత్త బల్బుతో బాగుపడినట్టు అనిపించడానికి గట్టి కారణమే ఉంది. బల్బు మార్చాలంటే హోల్డర్ ఊడదీసి మళ్లీ గుచ్చాలి. ఆ గుచ్చడంలోనే రేకు పిన్నుల మీది చిలుము కాస్త గీసుకుపోతుంది, ఇత్తడి ఇత్తడికి తగులుతుంది, లైటు వెలుగుతుంది. ఘనత బల్బుకు దక్కుతుంది. హోల్డర్‌లోని రేకు మాత్రం అదే వదులు రేకు, కొన్నాళ్లకు మళ్లీ చిలుము పడుతుంది. రొయ్యల బండ్లలో కారే ఉప్పునీటికి ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. బల్బులోని ఫిలమెంటే తెగి, కుదుపుకి అతుక్కుంటూ విడిపోతూ ఉండడం అసంభవమేమీ కాదు. కానీ అది ఒక్క బల్బుకే జరగాలి. రెండూ ఒకేసారి ఆరి ఒకేసారి వెలిగితే బల్బుల జోలికి పోవడం అనవసరం. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే తప్పు ఉంటుంది: స్విచ్, రిలే, బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ వైరు, కొన్ని బండ్లలో ఉమ్మడి ఎర్త్. డిమ్ము పోయి బ్రైటు మిగిలితే ముందు డిప్పర్ స్విచ్‌ను అనుమానించాలి. స్క్రూడ్రైవర్ పట్టకముందే డ్రైవర్‌ను నాలుగు ప్రశ్నలు అడిగితే సగం వైరింగు లెక్కలోంచి తప్పుకుంటుంది.

మిగతా సగానికి కొలతలు కావాలి, అవి కూడా లైట్లు వెలుగుతున్నప్పుడు తీసినవే. మామూలు హెచ్4 బల్బు 60/55 వాట్లది. డిమ్ములో రెండు బల్బులూ కలిసి 9 ఆంపియర్ల పైన లాగుతాయి. ఉమ్మడి దారిలో ఒక చోట 0.1 ఓమ్ నిరోధం పెరిగిందనుకుందాం. దాదాపు ఒక వోల్టు అక్కడే పోతుంది. పన్నెండు వోల్టుల్లో ఒకటి తగ్గితే హాలోజన్ వెలుగు సుమారు పావు వంతు పడిపోతుంది. పైగా వేలిగోరంత జాగాలో 8 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి రేకు పట్టు సడలి నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది. అరగంట ప్రయాణం తర్వాత ఆరి, బండి ఆపి కాసేపు చల్లబడగానే వెలిగే లైట్ల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. బజారులో దొరికే 100/90 వాట్ల బల్బులు పెడితే అదే జాగాలో వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. ఇంత నష్టం చేసే 0.1 ఓమ్‌ను మామూలు మల్టీమీటర్ నిరోధం చూసే మీట మీద పట్టలేదు, దాని తీగలకే అంత నిరోధం ఉంటుంది. పది పోగుల్లో తొమ్మిది తెగిన వైరుకు కూడా అది బీప్ కొట్టి ‘బాగుంది’ అంటుంది. అందుకే లైట్లు వేసి ఉంచి, బ్యాటరీ ప్లస్ నుంచి హోల్డర్ దాకా ఎన్ని వోల్టులు పోతున్నాయో, హోల్డర్ నుంచి బ్యాటరీ మైనస్ దాకా ఎన్ని పోతున్నాయో విడివిడిగా చూడాలి. ఒక్కో వైపు అర వోల్టు దాటితే ఆ వైపు వెతకవలసిందే.

మైనస్ వైపును మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. రేడియేటర్ పక్కన తుప్పు పట్టిన బోల్టు కింద ఒక చిన్న రింగు టెర్మినల్, దాని మీద పెయింటు, బురద. చాలా పాత బండ్లలో డిమ్ము, బ్రైటు ఫిలమెంట్లు రెండింటికీ అదొక్కటే ఎర్త్. అది వదులైతే కరెంటు బ్రైటు ఫిలమెంటు గుండా అవతలి దీపంలోకి అడ్డదారి వెతుక్కుంటుంది. అప్పుడు ఒక దీపం పసుపుగా మగ్గుతుంది, డ్యాష్‌బోర్డు మీది నీలం లైటు మసకగా వెలుగుతుంది. ఈ గుర్తు తెలియక స్విచ్‌లు మార్చిన బండ్లకు లెక్కలేదు. అమెరికాలో 1970, 80ల నాటి షెవ్రొలే, ఫోర్డ్ పికప్‌లలో లైట్లు ఆరి వెలగడానికి మరో కారణం ఉంది. వాటి హెడ్‌లైట్ స్విచ్ లోపలే వేడికి విడిపోయి చల్లారాక కలిసే బ్రేకర్ ఉంటుంది. ఫ్యూజు పోతే పూర్తి చీకటి, అంతకన్నా ఆగి ఆగి వెలగడం మేలన్న ఆలోచనతో పెట్టినది. అక్కడ లైట్లు కొట్టుకోవడం ఒక హెచ్చరిక. బ్రేకరే అరిగిపోయి ఉండొచ్చు, ఎక్కడో కరెంటు ఎక్కువ పారుతూ ఉండొచ్చు. ఏదో తేల్చకుండా బ్రేకర్‌ను దాటించి వైరు కలిపితే తర్వాత కాలేది ఆ వైరే.

షెడ్డులో లోపం రాకపోతే ఏం కొలుస్తామని అడగొచ్చు. రప్పించాలి. లైట్లు వేసి కప్లర్లను ఒక్కొక్కటిగా కదపాలి, రిలేను తట్టాలి, స్టీరింగ్‌ను రెండు చివరలకూ తిప్పాలి, కనెక్టర్ మీద నీళ్లు చల్లాలి. ఇవన్నీ అయ్యేదాకా దేన్నీ ఊడదీయకూడదు. అయినా మొండికేస్తే, రిలే అవుట్‌పుట్ దగ్గర ఒకటి, హోల్డర్ వెనక వైరు దగ్గర ఒకటి చొప్పున చిన్న ఇండికేటర్ బల్బులు కలిపి, వైర్లు క్యాబిన్‌లోకి లాగి, పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టి రాత్రి బండి నడపాలి. హెడ్‌లైట్లు ఆరిన క్షణాన ఈ రెండింట్లో ఏది ఆరిందో చూడాలి. రెండూ ఆరితే తప్పు రిలేలోనో, దానికి ముందో. రెండోదొక్కటే ఆరితే రెంటి మధ్య వైరులో. రెండూ వెలుగుతూనే ఉంటే హోల్డర్‌లోనో, ఎర్త్‌లోనో.

ఈ రాత్రికే సరుకు మార్కెట్‌కు చేరాలి, ఇంత పరీక్షకు వ్యవధి ఎక్కడిదన్న మాటలో న్యాయం ఉంది. చీకట్లో బండి పంపమని నేనూ అనను. ఏది మార్చితే వెలుగుతుందో అది మార్చి పంపాలి. ఒక్క వస్తువే మార్చి, ఏం మార్చారో రాసిపెట్టి, ఇది తాత్కాలికమని డ్రైవర్‌కు చెప్పి పంపాలి. ఎల్ఈడీ పెడితే పీడా పోతుందంటారు. కరెంటు తక్కువ లాగుతుంది కాబట్టి వేడి తగ్గుతుంది, నిజమే. కానీ హాలోజన్ ఫిలమెంటు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది, చిలుము పట్టిన ఎర్త్ అలాగే మిగులుతుంది. మొత్తం కరెంటు స్విచ్ గుండానే పారే బండికి రిలే, మందపాటి వైరు వేయడాన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఎలుకలు కొరికి, టేపు మీద టేపు చుట్టిన వైరింగునైతే పూర్తిగా మార్చడమే మంచిది. అయితే ఈ రెండూ కొలత చూశాక తీసుకోవలసిన నిర్ణయాలు.

అసలు చిక్కు మన బిల్లుల్లో ఉంది. రిలేకు, స్విచ్‌కు అడిగినంత ఇచ్చే యజమాని, రెండు గంటలు వెతికి ఒక ఎర్త్ బోల్టు గీకి బిగించిన ఎలక్ట్రీషియన్ దగ్గర మాత్రం ‘ఏం మార్చావని ఇంత?’ అని బేరమాడతాడు. అలా అడిగించుకున్నవాడు ఆ తర్వాత వచ్చే బండికి వెతకడు, మారుస్తాడు. వెతికిన శ్రమకు వేరుగా కూలి ఇచ్చి, పనికి ముందు ఎన్ని వోల్టులు పోయేవో, తర్వాత ఎన్ని పోతున్నాయో రెండు అంకెలూ బిల్లు మీద రాయమని యజమానే అడగాలి.