మొర, విన్నపం, ఊరట: ఆందోళనవేళ క్రైస్తవ ప్రార్థన – ఒక సాహిత్య పరిశీలన

1. ఉపోద్ఘాతం

మనసు కలత చెందిన వేళ ప్రార్థన ఊరటనిస్తుందన్నది క్రైస్తవ బోధలో తరచుగా వినిపించే మాట. ఆ ఊరట దేని నుండి కలుగుతుందన్నది సాహిత్య విమర్శ అడగదగిన ప్రశ్న. ప్రార్థన విశ్వాసచర్య అయినట్టే వాచిక రూపం కూడా. అందులో సంబోధన ఉంటుంది, నివేదన ఉంటుంది, అభ్యర్థన ఉంటుంది. ఏకాంతంలో చేసే ప్రార్థనలోని మాటలు కూడా సమాజం ఇచ్చినవేనని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మౌస్ 1909లో ప్రతిపాదించాడు. ఈ దృష్టితో బైబిలులోని విలాప కీర్తనలను, తెలుగు క్రైస్తవ కీర్తన రూపాన్ని, తూర్పు కనుమల్లోని టైడా ప్రాంత భాషా పరిస్థితిని కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రార్థన బాధను అణచడం వల్ల కాక, బాధకు వినిపించుకునే హక్కును ఇవ్వడం వల్లనే ఊరట అవుతుందన్నది ఇక్కడి ప్రతిపాదన.

2. చింత – విచారం: మాటల సాక్ష్యం

పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో ఆందోళనకు విరుగుడుగా ప్రార్థనను, విజ్ఞాపనను, కృతజ్ఞతను చెప్పాడు. ఆ పత్రిక బంధకాలలో ఉండి రాసినదని మొదటి అధ్యాయమే తెలుపుతుంది. కనుక అది నిశ్చింతగా కూర్చున్నవాని హితబోధ కాదు. ఇక్కడ తెలుగు బైబిలు ‘చింత’ అనే మాటను ఆశ్రయించింది. సంస్కృతంలో చింత అంటే ఆలోచన కూడా. దాని తోబుట్టువైన ‘చింతన’ నేటికీ ఆ అర్థాన్నే నిలుపుకుంది. ‘విచారం’ కూడా ఇలాంటిదే. న్యాయస్థానంలో అది విచారణ, ఇంట్లో అది దుఃఖం. ఆలోచనకూ ఆందోళనకూ మధ్య గల హద్దు ఎంత పలుచనిదో ఈ రెండు మాటలు చెబుతాయి. తనలో తానే తిరిగే ఆలోచన చింత అవుతుంది. అదే ఆలోచన మరొకరిని సంబోధిస్తే విన్నపం అవుతుంది. ప్రార్థన చేసే మొదటి పని ఈ దిశ మార్పే. లోలోపలి గొణుగుడుకు అది ఒక శ్రోతను కల్పిస్తుంది.

3. విలాప కీర్తనల నిర్మాణం

హీబ్రూలో ‘స్తుతులు’ అనే అర్థమున్న పేరు గల గ్రంథానికి తెలుగులో ‘కీర్తనలు’ అని పేరు పెట్టారు. రెండు పేర్లూ స్తుతినే సూచిస్తాయి. అయితే ఆ గ్రంథంలో విలాపాలు అధిక సంఖ్యలో ఉన్నాయి. పదమూడవ కీర్తనలో ఆరు వచనాలే ఉన్నాయి. మొదటి రెండు వచనాల్లోనే కీర్తనకారుడు ఎంతకాలమని నాలుగుసార్లు నిలదీస్తాడు. తరువాతి రెంటిలో అభ్యర్థన, చివరి రెంటిలో నమ్మకం కనిపిస్తాయి. విలాపాలు సాధారణంగా ఇలా ఫిర్యాదు నుండి నమ్మకానికి నడుస్తాయి. ఎనభై ఎనిమిదవ కీర్తన దీనికి భిన్నమైనది. అది చీకటిలోనే ముగుస్తుంది. సంకలనకర్తలు దానిని తొలగించలేదు, చివర ఆశావాక్యాన్ని అతికించలేదు. ఊరట దొరకని మొర కూడా ప్రార్థనేనని ఆ నిర్ణయం అంగీకరించింది.

విలాపాన్ని వదులుకున్న ఆరాధన ఏమి కోల్పోతుందో వాల్టర్ బ్రూగమన్ 1986లో చర్చించాడు. ఫిర్యాదుకు చోటులేని చోట భక్తుడు దేవుని ఎదుట మాట్లాడగల పక్షంగా మిగలడు; న్యాయాన్ని గురించిన ప్రశ్న కూడా అడుగంటుతుంది. ఆందోళన చెందేవారికి వెంటనే స్తుతిని సూచించే ధోరణిని ఈ వెలుగులో పునఃపరిశీలించాలి.

4. తెలుగు కీర్తనలో పల్లవి చేసే పని

తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యులలో ప్రముఖుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతం నుండి శ్రీకాకుళం, విశాఖపట్నం వరకు తూర్పు కనుమల పాదాన సాగిన జీవితం ఆయనది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో క్రైస్తవం స్వీకరించిన ఆయన, రాగతాళ నిబద్ధమైన కీర్తన రూపాన్ని కొత్త విశ్వాసానికి వాహకం చేసుకున్నాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటి ద్వారా ఆయన రచనలు నేటికీ సంఘాల్లో పాడబడుతున్నాయి.

విలాప కీర్తన ముందుకు నడుస్తుంది. తెలుగు కీర్తన తిరిగి వస్తుంది. ప్రతి చరణం తరువాత పల్లవి వచ్చి తీరాలి. పల్లవి శరణాగతి అయితే, చరణంలో చెప్పిన ప్రతి భయమూ ఆ శరణాగతిని చేరుకుంటుంది. పల్లవి అభ్యర్థన అయితే, చరణంలో ఎంత నమ్మకం పలికినా అభ్యర్థన ఇంకా తీరలేదని గుర్తుచేస్తుంది. బైబిలులోనూ దీనికి దగ్గరి రూపం ఉంది. నలభై రెండు, నలభై మూడు కీర్తనలను కలిపి చదివితే, తన ప్రాణాన్నే ప్రశ్నించుకునే వాక్యం పల్లవిలా మూడుసార్లు వస్తుంది. మాటలు దాదాపు అవే అయినా మధ్యలోని చరణాలు వాటి బరువును మారుస్తాయి. చింత కూడా పదే పదే తిరిగివచ్చేదే. పల్లవి ఆ ఆవృత్తిని ఆపకుండా, దానికి లయను, తోడుపాడే గొంతులను ఇస్తుంది. ఒంటరి భయం సామూహిక గానమవుతుంది. ఊరటకు ఇది రూపగతమైన కారణం.

5. నిష్ఠూరం ఎక్కడికి పోయింది?

చౌదరి కీర్తనల ప్రధాన ధోరణి పాపభీతి, కృపాన్వేషణ. అక్కడి ఆందోళన ఎక్కువగా ఆత్మరక్షణకు సంబంధించినది. దేవుణ్ణి నిలదీసే స్వరం అరుదు. ఆ స్వరం తెలుగుకు కొత్తది కాదు. గోల్కొండ చెరలో రామదాసు తాను చేయించిన నగల ఖర్చు లెక్కచెప్పి రాముణ్ణి దెప్పిపొడిచాడు. పోతన గజేంద్రుడు మొరపెడుతూనే, ఉన్నాడంటున్నవాడు నిజంగా ఉన్నాడా అని సందేహించాడు. క్రైస్తవ కీర్తన ఈ సంప్రదాయం నుండి రూపాన్ని తీసుకున్నంతగా నిష్ఠూరాన్ని తీసుకోలేదు.

ఆ నిష్ఠూరం ఆరాధన వెలుపల కావ్యంలో పలికింది. క్రైస్తవ కుటుంబంలో పెరిగిన జాషువ 1941లో ‘గబ్బిలం’ వెలువరించాడు. గుడి ప్రవేశం లేని కథానాయకుడు గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి తన గోడు పంపుతాడు. సంబోధన, ఫిర్యాదు, న్యాయాభ్యర్థన – విలాప కీర్తన అంగాలన్నీ అందులో ఉన్నాయి. ఆరాధనలో చోటు చిక్కని మొరకు కావ్యం ఆశ్రయమిచ్చిందని అనవచ్చు.

6. టైడా: ఏ భాషలో మొర?

ఈ చర్చకు కొండలు ఒక పరీక్ష పెడతాయి. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలోని టైడా అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలానికి చెందినది. అరకు వరకు విస్తరించిన ఈ కొండల్లో కూబి, కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషలు వినిపిస్తాయి. లూథరన్ మిషనరీ షుల్జే కువి వ్యాకరణం 1911లో, భద్రిరాజు కృష్ణమూర్తి కూబి భాషాగ్రంథం 1969లో వెలువడ్డాయి. ఈ భాషలవారికి తెలుగు కీర్తన పాఠశాల, కార్యాలయం మాట్లాడే భాషలోనే వస్తుంది. నేర్చుకున్న భాషలో స్తుతించడం సాధ్యమే. భయాన్ని చెప్పుకోవడం అంత సులభం కాదు.

సువార్త పాఠమే దీనికి ఆధారమిస్తుంది. గ్రీకులో రాసిన మార్కు, సిలువ మీద యేసు పెట్టిన కేకను అరామిక్‌లోనే ఉంచి, తరువాత అర్థం చెప్పాడు. ఆ కేక ఇరవై రెండవ కీర్తన ఆరంభమే. గెత్సేమనే ప్రార్థనలో తండ్రిని పిలిచిన పిలుపునూ అరామిక్‌లోనే నిలిపాడు. వేదనలో పలికిన మాటను అనువాదం పూర్తిగా భర్తీ చేయలేదని ఆ రచయిత గుర్తించాడనుకోవాలి.

మరొక ఆక్షేపణకూ ఇక్కడే సమాధానం వెదకాలి. ప్రార్థన మనిషిని నిష్క్రియుణ్ణి చేస్తుందన్న విమర్శకు మార్క్స్ 1844 నాటి మత్తుమందు ఉపమానాన్ని చూపుతారు. మతబాధ నిజమైన బాధకు వ్యక్తీకరణ, దానిపై నిరసన కూడా అని అతడు అక్కడే అన్నాడు. అనంతగిరి మండలంలో మైనింగ్ లీజుల వల్ల తలెత్తిన భూమి భయం ‘సమత’ సంస్థ వ్యాజ్యంగా మారి, 1997లో సుప్రీంకోర్టు తీర్పుకు దారితీసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు ప్రభుత్వం సైతం లీజులివ్వరాదని ఆ తీర్పు చెప్పింది. రిట్ పిటిషన్ చివర కోరే ఉపశమనాన్ని న్యాయవాదులు ‘ప్రేయర్’ అనే అంటారు. ఈ పోలిక మాటకే పరిమితం కాదు. కీర్తనకారుడు దేవుణ్ణి న్యాయాధిపతిగా సంబోధించాడు. ఒకచోట మొరపెట్టడం నేర్చిన గొంతు మరోచోట మూగబోవలసిన పని లేదు.

7. ముగింపు

ఆందోళనవేళ ప్రార్థన ఇచ్చే ఊరటను ఫలితంతో మాత్రమే కొలవడం చాలదు. చింతకు శ్రోతను, ఆవృత్తికి లయను, ఒంటరితనానికి తోడుగొంతును ఇవ్వడంలో దాని శక్తి ఉంది. తెలుగు కీర్తన లయను, తోడును సమృద్ధిగా ఇచ్చింది. నిష్ఠూరానికి తక్కువ చోటిచ్చింది. కూబి, కువి భాషల్లో కొండల మీద పుట్టే ప్రార్థనలను, పాటలను పరిశోధకులు సేకరించేటప్పుడు స్తుతులతో పాటు మొరలను కూడా నమోదు చేయాలి. ఆ జనం దేనికి భయపడుతున్నారో, ఎవరిని నిలదీస్తున్నారో చెప్పేది ఆ మొరలే.